ఆ తల్లులను కోకిల అనకండి



ఈ వారం ఒక మాట గురించి రాస్తున్నాము. ఆ మాట మన మధ్య చాలా కాలంగా తిరుగుతోంది. కువైట్‌కో మస్కట్‌కో ఇంటి పనికి వెళ్లిన తల్లి ప్రస్తావన వస్తే చాలు, అరుగు మీద కూర్చున్నవారూ, ఒక్కోసారి ప్రార్థన ముగించుకుని చెప్పులు వేసుకుంటున్నవారూ అనేస్తారు: "ఆవిడకేమండీ, కోకిల! గుడ్డు కాకి గూట్లో పెట్టి ఎగిరిపోయింది." కాకి అంటే పిల్లలను సాకుతున్న అమ్మమ్మో మామ్మో. అందరూ నవ్వుతారు. ఆ నవ్వు పక్కనే ఆడుకుంటున్న పిల్లల చెవిన కూడా పడుతుంది. మొన్న వేసవిలో ఆదివారపు బడిలో పక్షుల గురించి చెబుతుంటే మూడో తరగతి పిల్లవాడొకడు లేచి, "కోకిల మళ్లీ పిల్లల దగ్గరికి వస్తుందా అండీ?" అని అడిగాడు. వాడు అడిగింది పక్షి సంగతి కాదని గదిలోని పెద్దలందరికీ తెలుసు. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

అందుకని మా అభిప్రాయం సూటిగానే చెబుతాము. ఆ పోలిక తప్పు. పక్షుల సంగతి తెలిసినా తప్పే, ఆ తల్లుల సంగతి తెలిసినా తప్పే, దేవుని వాక్యము తెరిచి చూసినా తప్పే. తల్లి ఎంత దూరం వెళ్లింది అని లెక్కపెట్టే ముందు, గూటి దగ్గర మిగిలినవారు ఏం చేస్తున్నారు అని అడగాలి.

ముందు కోకిలనే తీసుకుందాం. వేసవిలో కాకులు గూళ్లు కట్టే కాలంలోనే కోకిలలూ గుడ్లు పెడతాయి. మనం విని మురిసిపోయే కూత నల్లగా నిగనిగలాడే మగ కోకిలది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాన్ని చాలామంది కోకిల అని గుర్తే పట్టరు. ఈ జంట గూడు కట్టదు. కాకి గూటిలో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. పొదగడమూ, గూటిలోని పిల్లకు మేత పెట్టడమూ కాకుల వంతు. కోకిల పిల్ల కాకి పిల్లల కంటే ముందే గుడ్డు నుంచి బయటపడుతుంది కాబట్టి మొదటి ముద్ద దానికే దక్కుతుంది. ఇందులో కోకిల పాపం ఏమీ లేదు. దేవుడు దానికి ఇచ్చిన స్వభావం అది.

మన తల్లుల కథ ఇదేనా? ఇంటి పనికి గల్ఫ్ దేశాలకు వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. అంటే వెళ్లేవారిలో ఎక్కువమంది అప్పటికే పిల్లలను కని, పాలిచ్చి, జ్వరాలకు రాత్రులు మేలుకుని, బడిలో వేసినవారే. వెళ్లాక కూడా వారి చేతి కష్టం ఇంటికే వస్తుంది. బడి ఫీజు అందులోంచే, మామ్మ బీపీ మాత్రలు అందులోంచే, వడ్డీ అందులోంచే. కోకిల కాకికి ఒక్క గింజ కూడా పంపదు.

ఎందుకు వెళ్తున్నారో కూడా మనకు తెలియనిది కాదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా పచ్చగానే ఉంది. సార్వా, దాళ్వా రెండు పంటలు పండుతున్నాయి. కాని చేను ఒకరిది, చెయ్యి ఒకరిది. కోత యంత్రాలు వచ్చాక కూలి రోజులు తగ్గిపోయాయి. వరిచేను చేపల చెరువుగానో రొయ్యల చెరువుగానో మారిన చోట ఊడ్పూ లేదు, కలుపూ లేదు. ఆడకూలికి ఊళ్లో పని లేనప్పుడు అప్పు ఊరుకుంటుందా? మన సంఘములో సెంటు భూమి లేని ఇళ్లే ఎక్కువ. ఆ ఇళ్ల నుంచే విమానం ఎక్కారు.

ఇక మా పెరటి సంగతి చెప్పాలి. మందిరము వెనుక కొబ్బరి చెట్లలో ఒకదానికి కొమ్ముపురుగు పట్టి మొవ్వు చచ్చిపోయింది. ఆకులన్నీ రాలి నిలువు మోడు మిగిలింది. పైన కుళ్లి తొర్ర పడింది. ఆ తొర్రలో పాలపిట్టల జంట కాపురం పెట్టింది. ఉమ్మడి రాష్ట్రానికి పాలపిట్టే రాష్ట్ర పక్షి. విభజన తరువాత తెలంగాణ దాన్నే ఉంచుకుంది, మన ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. దసరాకు పాలపిట్టను చూస్తే శుభమని మన ఇరుగుపొరుగువారు వెతుక్కుంటూ వెళ్తారు. మాకు మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడితే రోజూ కనబడేది. వాలి ఉన్నప్పుడు మట్టిరంగు రొమ్ముతో మామూలు పిట్టలాగే ఉంటుంది. రెక్క విప్పితే నీలిమందు నీలమూ, ఆకాశం నీలమూ పట్టీలు పట్టీలుగా మెరుస్తాయి.

మాఘమాసం చలి తగ్గుతుండగా వాటి సందడి మొదలయ్యింది. ఒకటి నిటారుగా పైకి ఎగిరి, గొంతు చించుకుని అరుస్తూ, గాలిలో అటూ ఇటూ దొర్లుతూ కిందికి దూకేది. ఇంగ్లీషులో దీనికి రోలర్ అన్న పేరు ఈ దొర్లుడు వల్లే వచ్చింది. తరువాత రెండూ ఒకే మట్ట మీద వాలి, ఒకదాని ముందు ఒకటి తల వంచుకునేవి. ఒకదాని మెడ ఈకలు ఇంకొకటి ముక్కుతో సవరించేది. ఆ అరుపు మాత్రం వినసొంపుగా ఉండదు, కీచుమని గరగరలాడుతుంది. మా ఇంట్లో పిల్లలు చెవులు మూసుకునేవారు. మామిడి తోపులో కోకిల ఎంత తియ్యగా పాడేదో, మా మోడు మీద పాలపిట్ట అంత మోటుగా అరిచేది. గొంతు తీపిని బట్టి తల్లిదండ్రులను అంచనా వేయలేమని అప్పుడే అనుకున్నాము. పాట బాగా పాడే సహోదరులు కూడా ఈ మాట గమనించాలి!

తొర్ర దొరకడం తేలిక కాదు. గోరింకలకూ అదే కావాలి, చిలుకలకూ అదే కావాలి. వారం పది రోజులు ఆ మోడు చుట్టూ యుద్ధమే నడిచింది. పాలపిట్టలు ఒకటి పోతే ఒకటి కాపలా ఉండి తొర్ర నిలబెట్టుకున్నాయి. లోపలి గుడ్లు మేము చూడలేదు, నిచ్చెన వేసి చూడాలని కూడా అనుకోలేదు. పక్షుల శాస్త్రం తెలిసినవారు చెప్పేది ఏమిటంటే, పాలపిట్ట మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది, 17 నుంచి 19 రోజులు పొదుగుతుంది, ఆ పొదగడంలో తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వంతు ఉంటుంది. పిల్లలు ఎగరడానికి ఇంకా నెల రోజులు పడుతుంది.

ఆ నెల రోజులే మాకు పాఠం. దాళ్వా కోతలైన చేలలో మిడతలు లేచే రోజులవి. ఒక పక్షి కాలవ గట్టున కరెంటు తీగ మీద కూర్చుని నేల వంక చూసేది. ఉన్నట్టుండి కిందికి వాలి, మిడతనో పేడపురుగునో చిన్న తొండనో నోట కరుచుకుని తొర్రకు వచ్చేది. అది లోపలికి తల పెట్టి మేత ఇచ్చి వెళ్తుండగానే రెండోది వచ్చేది. ఎండ మండుతున్నా ఆగేవి కావు. ఒక్కోసారి ఒకటి చేల మీదుగా చాలా దూరం వెళ్లిపోయి ఎంతసేపటికీ కనబడేది కాదు. అయినా తొర్రలో ఆకలి అరుపు ముదిరేది కాదు, ఎందుకంటే రెండోది ఉంది.

ఇంతకీ మేము చివరిదాకా తేల్చుకోలేకపోయిన సంగతి ఒకటుంది. ఆ రెండింటిలో ఏది తల్లి, ఏది తండ్రి? పాలపిట్టల్లో ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చేసే పనిని బట్టి పోల్చుకుందామన్నా కుదరలేదు. పని కూడా ఒకేలా ఉంది. అమ్మగారు ఒక రోజు అన్నారు: "మన ఊళ్లో అయితే దూరం నుంచి చూసి కూడా చెప్పేయొచ్చు, కూర్చున్నది ఎవరో తిరుగుతున్నది ఎవరో." ఆ మాటకు మేము నవ్వలేకపోయాము.

పక్షులన్నీ ఇలాగే ఉంటాయని కూడా అనుకోవద్దు. వర్షాకాలంలో మురుగు కాలవ పక్కన తాటిచెట్లను చూడండి. గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. మగ గిజిగాడు వరి ఆకునూ తాటాకునూ సన్నటి పీలికలుగా చీల్చి తెచ్చి అల్లుతాడు. గూడు సగం అయ్యాక దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ ఆడదాన్ని పిలుస్తాడు. ఆమె వచ్చి లోపల చూసి, నచ్చితే ఉంటుంది, లేకపోతే పోతుంది. నచ్చిందంటే కింది గొట్టం పూర్తి చేసి, అతను మరో గూడు మొదలుపెడతాడు, మరో ఆడదాని కోసం. పొదగడం ఆమెదే. పిల్లల మేత దాదాపు అంతా ఆమెదే. ఊరంతా మెచ్చుకునే గూడు కట్టిన పనివాడు ఆ గూటిలో కాపురం ఉండడు.

ఈ పోలిక చెబితే కొందరికి కోపం రావచ్చు. అయినా చెప్పాలి. భార్య పంపిన డబ్బుతో డాబా లేపి, ముందు గ్రానైటు పరిచి, రంగులు వేయించిన సహోదరులు మనలో ఉన్నారు. మంచిదే. ఇల్లు కావాలి. కాని ఆ ఇంట్లో పిల్లవాడికి హోమ్‌వర్కు చేయించేదెవరు? కూతురికి జడ వేసేదెవరు? పిల్లకు పెద్దమనిషి ఈడు వస్తుంటే మాటలు చెప్పేదెవరు? బడిలో తల్లిదండ్రుల సమావేశానికి మోకాళ్ల నొప్పులతో అమ్మమ్మ వస్తుంది, తండ్రి రాడు. ఊరు తల్లిని కోకిల అంటుంది. ఊళ్లోనే ఉన్న తండ్రిని ఏమీ అనదు. ఇది న్యాయమా?

ఇప్పుడు వాక్యము చూద్దాం. హన్నా కన్నీళ్లతో అడిగి పొందిన కొడుకు సమూయేలు. పాలు మరిచాక వాడిని షిలోహులో, దేవుని మందిరములో విడిచి ఇంటికి వెళ్లింది. ఆమె కారణం వేరు, మన తల్లుల కారణం వేరు, అది మాకు తెలుసు. కాని దూరం ఒక్కటే. మొదటి సమూయేలు 2:19 చూడండి. ఏటేటా బలి అర్పించడానికి వచ్చినప్పుడు కొడుక్కి చిన్న అంగీ కుట్టి తెచ్చేదని రాసి ఉంది. ఏడాదికి ఎంత ఎదిగి ఉంటాడో ఆ తల్లి ఇంటి దగ్గర కూర్చుని ఊహించుకుని కుట్టి ఉంటుంది. కువైట్ నుంచి వచ్చే అట్టపెట్టెల్లో బట్టలు ఒక్కోసారి పిల్లలకు పొట్టివో పొడుగువో అవుతాయి. నవ్వకండి. ఆ కొలత తప్పడంలోనే తల్లి మనసు కనబడుతుంది. హన్నాను బైబిలు ఎక్కడా తప్పుపట్టలేదు.

అదే పుస్తకంలో ఏలీ ఉన్నాడు. ఎక్కడికీ వెళ్లలేదు. కొడుకులతో ఒకే మందిరములో ఉన్నాడు. వారు దారి తప్పుతున్నారని తెలిసి మందలించాడే గాని అడ్డుకోలేదు. దేవుడు మూడవ అధ్యాయములో లెక్క అడిగింది అతనినే. దగ్గర ఉండడం వేరు, పెంచడం వేరు.

మోషే తల్లి యోకెబెదును కూడా గుర్తు చేసుకోండి. బిడ్డను జమ్ముపెట్టెలో పెట్టి నది ఒడ్డున వదిలింది. చంపడానికి కాదు, బతికించుకోవడానికి. నిర్గమకాండము రెండవ అధ్యాయము ఇంకో సంగతి చెబుతుంది. బిడ్డకు ఏమవుతుందో చూడ్డానికి అక్క దూరంగా నిలబడింది. సమయానికి రాజకుమార్తె ముందుకు వెళ్లి మాట్లాడింది. ఆ అక్క అక్కడ లేకపోతే తల్లి మళ్లీ బిడ్డను ఎత్తుకునేది కాదు. మన ఊళ్లో తల్లి దూరమైన పిల్లలకు ఆ అక్క ఎవరు? సంఘమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పెళ్లిళ్లలో మా వంటి సేవకులమే, గువ్వల జంటలా ఉండండి, పక్షులను చూసి నేర్చుకోండి అని దీవిస్తుంటాము. కాని కోకిలా పక్షే, గిజిగాడూ పక్షే. నిప్పుకోడి తన గుడ్లను నేల మీద విడిచి పట్టనట్టు తిరుగుతుందని యోబు 39వ అధ్యాయములో దేవుడే చెప్పాడు. కాబట్టి పక్షి మనకు ధర్మశాస్త్రం కాదు. మత్తయి 6:26లో ప్రభువు పక్షులను చూడమన్నది పోషించే తండ్రి ఒకడున్నాడని తెలుసుకోవడానికి. ఆ తండ్రి పాలపిట్ట పిల్లను దేనితో పోషించాడు? దాని తల్లిదండ్రుల ముక్కులతో. మన పిల్లలను మన చేతులతో పోషించాలనుకుంటున్నాడు. ఆ చేతులు చాచకుండా దేవుడే చూసుకుంటాడులే అనడం విశ్వాసము కాదు, బద్ధకం.

తల్లి దూరమైతే పిల్లలకు ఏ లోటూ ఉండదని మేము అనడం లేదు. లోటు ఉంటుంది. రాత్రి పక్క తడుముకునే పిల్లలను మేము చూశాము. ఐదేళ్ల తరువాత వచ్చిన తల్లిని చూసి మామ్మ కొంగు వెనుక దాక్కున్న పిల్లను కూడా చూశాము. వెళ్లకుండా బతికే దారి ఉంటే అదే మేలు. కాని వెళ్లక తప్పని ఇంటి మీద రాయి వేసే హక్కు మనకెవరిచ్చారు?

కాబట్టి మన సంఘము కొన్ని పనులు చేయాలని కోరుతున్నాము.

మొదటిది, ఆ మాట మానేయండి. మందిరము గడపలో ఎవరి నోటయినా వస్తే పెద్దలు అక్కడే ఆపండి.

రెండవది, తండ్రులు. వారానికి కనీసం ఒక రోజు పిల్లలతో కూర్చుని వాక్యము చదవండి, బడి సమావేశానికి మీరే వెళ్లండి, పొయ్యి దగ్గర అత్తగారికో అమ్మకో చెయ్యి సాయం పట్టండి. కూతురికి జడ వేసే తండ్రిని చూసి వెక్కిరించేవారు ఉంటే, వారిని మా దగ్గరికి పంపండి.

మూడవది, ఫోను. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి 9 అయితే అక్కడ సాయంత్రం 6:30. ఇంట్లో స్మార్ట్‌ఫోను లేని పిల్లలకు వీడియో కాల్ కోసం పాస్టరు ఇంటి తలుపు తెరిచే ఉంటుంది. ఇంటి పనివారికి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని కువైట్ 2015లో చట్టం చేసింది. మీ తల్లులకు, భార్యలకు ఈ సంగతి చెప్పండి. శుక్రవారం సెలవు దొరికితే, కువైట్ నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగువారు కూడా ఆరాధనకు కూడుకుంటారని చెప్పండి.

నాలుగవది, ముసలివారు. అరవై దాటాక మళ్లీ చంటిపిల్లలను మోస్తున్న అమ్మమ్మలకు, మామ్మలకు నెలకు ఒక పూటయినా విశ్రాంతి ఇవ్వాలి. స్త్రీల సమాజము వంతులు వేసుకుని ఆ పూట పిల్లలను మందిరములో చూసుకుంటే వారు ఆసుపత్రికి వెళ్లిరావచ్చు, లేదా హాయిగా కాసేపు నిద్రపోవచ్చు.

చివరగా, వెళ్లాలని అనుకుంటున్న సహోదరీలకు ఒక మాట. ద్వితీయోపదేశకాండము 22:6-7లో చిన్న ఆజ్ఞ ఒకటుంది. దారిలో పక్షి గూడు కనబడితే, పిల్లలతోనో గుడ్లతోనో ఉన్న తల్లిని పట్టుకోకూడదు. ఆ ఆజ్ఞ పాటించేవారికి మేలు కలుగుతుందని, దీర్ఘాయువు ఉంటుందని దేవుడు చెప్పాడు. తల్లిదండ్రులను సన్మానించేవారికి ఇచ్చిన వాగ్దానమే అది. మామూలుగా పక్షి మన చేతికి చిక్కదు. గూటి మీద ఉన్నప్పుడే చిక్కుతుంది, పిల్లలను విడిచి ఎగరలేదు కాబట్టి. ఆ ప్రేమను వలగా వాడుకోవద్దని దేవుడు ఆజ్ఞాపించాడు. పిల్లల కోసం ఏమైనా చేస్తుందని తెలిసి తల్లికి దొంగ వీసా అంటగట్టే ఏజెంటూ, నూటికి ఐదు రూపాయల వడ్డీ రాయించుకునేవాడూ ఈ ఆజ్ఞను మీరినవారే. కాబట్టి లైసెన్సు లేని మనిషి చేతిలో పాస్‌పోర్టు పెట్టకండి. జీతం, పని, యజమాని వివరాలున్న ఒప్పంద కాగితం నకలు ఇంట్లో ఒకటి ఉంచండి. సంతకానికి ముందు మాకు గాని, చదువుకున్న సంఘపెద్దలకు గాని చూపించండి.

కొబ్బరి మోడు కొట్టించి ఆ జాగాలో వాహనాలు పెట్టుకునే షెడ్డు వేద్దామని కమిటీలో ఒక ఆలోచన ఉంది. మా మాట ఏమిటంటే, అది వాలిపోయి ఎవరి మీదైనా పడే స్థితి వచ్చేదాకా ఉంచుదాం. పిచ్చుకకు కూడా దేవుని బలిపీఠము దగ్గర చోటు దొరికిందని 84వ కీర్తన చెబుతుంది. మన మందిరము పెరట్లో పాలపిట్టకు చోటు ఉంటే, తల్లి దూరమైన పిల్లలకు మన ఒళ్లో చోటు ఉంటే, ఆ కీర్తన మన ఊళ్లో కూడా నెరవేరినట్టే.

ఈ ఆదివారం ప్రార్థనలో దూరదేశములలో ఉన్న తల్లులను, వారి ఇళ్లలో ఉన్న తండ్రులను, వృద్ధులను, బిడ్డలను పేరు పేరునా ప్రభువు సన్నిధిలో పెట్టుదాము. ప్రతి ఇంటివారు పేర్లు ముందుగానే రాసి ఇవ్వగలరు. దేవుడు మిమ్మును, మీ పిల్లలను తన రెక్కల నీడలో కాపాడును గాక. ఆమేన్.